దిగడమే తప్ప పైకి రావడం తెలియని చదరపు ఉలి గారికి

మహారాజశ్రీ డ్రిల్ ప్రెస్ మార్టిసింగ్ అటాచ్‌మెంట్ గారికి,

నమస్కారములతో వ్రాయునది. ఈ మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచినందువల్ల, ఆ సేవకు దక్కిన ఫలం ఇంకా తమరి ఉలికే వేలాడుతున్నందువల్ల, ఈ నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను. నిలువుగా గుండ్రటి రంధ్రాలు వేసే డ్రిల్ ప్రెస్ యంత్రానికి బిగించుకుని, చెక్కలో చదరపు బెజ్జాలు తొలిచే సాధనం తమరు. తమరు వేంచేసిన పెట్టె మీద ‘చదరపు బెజ్జాలు క్షణాల్లో’ అని ముద్రించి ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. బెజ్జం క్షణాల్లోనే పడింది. పడిన బెజ్జంలోంచి తమరిని బయటికి రప్పించడానికి ఎంతసేపు పడుతుందో చెప్పడానికి మాత్రం పెట్టె మీద చోటు చాలలేదు కాబోలు.

తమరి పనితీరు మీద నాకు గౌరవం లేకపోలేదు. బోలుగా ఉన్న నలుపలకల ఉలి లోపల బరమా తిరుగుతూ గుండ్రంగా తొలుస్తుంటే, ఆ వెనకే ఉలి అంచులు మూలలను చెక్కుకుంటూ దిగడమన్నది చక్కని ఆలోచన. లెక్క ప్రకారం చదరంలో సుమారు 79 శాతాన్ని బరమాయే తీసేస్తుంది. మిగిలిన 21 శాతం, అంటే ఆ నాలుగు మూలలు, కేవలం నొక్కుడు బలంతో తెగాలి. ఆ బలం నా భుజానిది. దానికీ నాకు అభ్యంతరం లేదు. ఉలి పనికి ఒళ్లు దాచుకుంటే ఎలా కుదురుతుంది?

నా మొరంతా పైకి వచ్చే దారి గురించే. నొక్కిన ప్రతిసారీ తమరు బెజ్జం గోడల మధ్య బిగుసుకుపోతారు. తయారీలో పడ్డ గ్రైండింగ్ గీతలను తమరి నాలుగు ముఖాల మీదా అలాగే వదిలేశారు గనుక, అవి చెక్కను పట్టుకుని వదలవు. వాటిని సానరాయి మీద నున్నగా రుద్దే భాగ్యం కొనుక్కున్నవాడికే కేటాయించారు. డ్రిల్ ప్రెస్‌లోని స్ప్రింగు ఖాళీ స్పిండిల్‌ను (బరమాను తిప్పే ఇరుసును) వెనక్కి తేవడానికి పెట్టినదే తప్ప, చెక్కలో దిగబడిన ఉక్కును పెరకడానికి పెట్టినది కాదు. అందుచేత ఆ పొట్టి పిడిని కింది నుంచి ఎత్తాలి. ఎత్తితే ఉలితోపాటు చెక్కా లేస్తుంది. అది లేవకుండా అదిమి పట్టడానికి తమరు రెండు వేళ్లున్న ఇనుప పాదాన్నొకదాన్ని దయచేశారు. దాన్ని నిలబెట్టేది ఒకే ఒక్క చిన్న మర. ఆ మరను ఎంత బిగించినా, ఉలి పైకి కదలగానే పాదం కూడా పెద్దలు వచ్చినట్టు మర్యాదగా లేచి నిలబడుతుంది.

చెక్క లేచిన ప్రతిసారీ, దాన్ని ఆనించిన కంచె నుంచి వెంట్రుకవాసి జరుగుతుంది. తరువాతి పోటు ఆ మేరకు పక్కన పడుతుంది. చివరికి బెజ్జం పొడవు గోడలు రంపపు పళ్లలా తయారవుతాయి. కోపమంతా ఇక్కడే వస్తోంది నాకు. జాయింటు బలం మూలల్లో ఉండదండీ. పొడవు గోడల వెంట చెక్క నార, బెజ్జంలో దూరే నాలుక అయిన టెనన్ బుగ్గల నారను ఆనుకునే చోట జిగురు గట్టిగా పట్టుకుంటుంది. బెజ్జం రెండు కొసల్లోనూ నార అడ్డంగా తెగి ఉంటుంది కాబట్టి అక్కడ జిగురుకు పెద్ద పట్టు ఉండదు. అందుకే గిర్రున తిరిగే కత్తితో గాడి తొలిచే రౌటర్ యంత్రంతో చేసిన బెజ్జం కొసలు గుండ్రంగా ఉన్నా, టెనన్ అంచులను ఆకురాయితో గుండ్రం చేసుకుంటే జాయింటుకు వచ్చిన లోటేమీ లేదు. మీరేమో బలం లేని మూలలను చదరంగా చెక్కి ఊరంతా చాటుకుంటూ, బలం ఉండవలసిన గోడలను నాశనం చేస్తున్నారు.

బరమా మొనకూ ఉలి నోటికీ మధ్య 1 నుంచి 2 మిల్లీమీటర్ల సందు వదలకపోతే పొగ వస్తుందనీ, ఉక్కు నీలిరంగు తిరుగుతుందనీ పెట్టెలోని కాగితం చెప్పలేదు. పొట్టు వచ్చే కంత తొలిచిన వైపుకు తిరిగి ఉండాలన్న సంగతీ చెప్పలేదు. వాటిని క్షమించేశాను.

పైకి రాకపోవడాన్ని మాత్రం క్షమించలేను. 1800ల తొలి దశకంలో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో, ఇంజనీరు బ్రూనెల్ రూపకల్పనకు యంత్రకారుడు మాడ్‌స్లే తయారుచేసిన యంత్రాలు ఓడ కప్పీలకు గాళ్లు తొలిచేవి. అక్కడ రంధ్రం వేయడానికి ఒక యంత్రం, ఆ రంధ్రాన్ని ఉలితో పొడిగించడానికి మరో యంత్రం ఉండేవి. ఆ ఉలికి దిగడం ఎంత పనో, లేవడమూ అంతే పని. ఇప్పటికీ మీ అన్నగారు, అంటే బెజ్జాలకే పుట్టిన ప్రత్యేక యంత్రం, పొడవాటి పిడితో దిగినంత బలంగానూ లేస్తారు. డజన్ల కొద్దీ జాయింట్లు చేసేవారికి ఆయన తగినవారు. నువ్వు మాత్రం గుండ్రటి రంధ్రాలు వేసుకుని బతుకుతున్న డ్రిల్ ప్రెస్ మెడకు వేలాడి, దాన్ని దాని పనీ చేసుకోనివ్వవు, నీ పనీ పూర్తి చేయవు. నిన్ను బిగించి, కంచెకు సమంగా తిప్పి, మూలమట్టంతో సరిచూసే సమయంలో మార్కింగ్ గేజ్‌తో గీతలు గీసి, చేతి ఉలితో ఒక బెజ్జం తొలిచేయవచ్చు. జర్మనీలోని లైప్‌జిగ్ దగ్గర సుమారు 7,000 ఏళ్ల కిందటి బావుల ఓక్ పలకలకు రాతి బాడిసలు పట్టిన చేతులే బెజ్జాలు తొలిచి, చీలలు దిగ్గొట్టాయి. పనిముట్టు బయటికి రానని మొరాయిస్తే వాళ్లు బావి ఎప్పటికి కట్టేవారు?

కాబట్టి నా నిర్ణయం ఇది. డ్రిల్ ప్రెస్‌తో వరుసగా గుండ్రటి రంధ్రాలు వేస్తాను. గోడలను వెడల్పాటి ఉలితో గీత దాకా చెక్కుతాను. కొసలకు మందపాటి మార్టిస్ ఉలి వాడతాను. దాని మందమే దాన్ని వంకర తిరగనివ్వదు, ముక్కలను పెల్లగించేటప్పుడు విరగనివ్వదు. 18 మిల్లీమీటర్ల చెక్కకు 6 మిల్లీమీటర్ల బెజ్జం ముందు తొలిచి, దానికి సరిపడేలా టెనన్ కోస్తాను. నిన్ను పెట్టెలో పెట్టేస్తాను, ముందు ఈ చెక్కను వదిలిపెడితే.

ఇట్లు,
తమరి ఉలికి వేలాడుతున్న చెక్క యజమాని