ఒక్క పుస్తకమూ పోలేదు

హనుమకొండలో ఒక ఆస్పత్రి గోడను ఆనుకుని ఉన్న మా రెండు గదుల ఆరోగ్య, సంక్షేమ గ్రంథాలయంలో పదేళ్లుగా ఒక్క పుస్తకమూ పోలేదు. ఇది నా నిర్వహణా దక్షతకు నిదర్శనమని తనిఖీకి వచ్చిన అధికారి రాసి, సంతకం కూడా పెట్టారు. పోవాలంటే ముందు ఎవరైనా తీసుకువెళ్లాలి కదా అన్న అనుమానం ఆయనకు రాలేదు. ఇష్యూ రిజిస్టరు చూపించి ఆ అనుమానం కలిగించేటంత అమాయకుణ్ని నేను కాను.

ఇదే ఊళ్లో 1904లో, నిజాం ఏలుబడిలో, తెలుగు పుస్తకానికి ఒక నీడ కావాలని పెద్దలు రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం స్థాపించారు. అప్పట్లో జనానికి పుస్తకాలు దొరికేవి కావు. మా హయాంలో పుస్తకాలకు జనం దొరకడం లేదు. నూరేళ్లలో ఇంత మార్పు తేవడం మాటలు కాదు.

అలాగని మా గది ఖాళీగా ఉంటుందనుకునేరు. ఉదయం ఎనిమిదికే నిండిపోతుంది. కిటికీ పక్క బల్లలు గ్రూప్ పరీక్షల అభ్యర్థులవి. ఫ్యాను కింద నేల రోగుల బంధువులది. ప్లగ్గు దగ్గర ఎప్పుడూ నాలుగు ఫోన్లు ఊపిరి పోసుకుంటూ ఉంటాయి. వార్షిక నివేదికలో వీరందరినీ పాఠకులుగానే లెక్కిస్తాను. భోజనమయ్యాక గురక పెట్టేవారిని మాత్రం ‘దీర్ఘకాలిక పాఠకులు’ అనే వరుసలో వేస్తాను.

మా అసలు ఘనత వర్గీకరణలో ఉంది. ఆ మధ్య నర్సంపేట వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. భర్తకు షుగరు, పుండు మానక కుడి పాదం తీసేశారు. ఆమె చేతిలోని ప్లాస్టిక్ సంచిలో డిశ్చార్జి కాగితం, ఆధార్ కార్డు, సగం తిన్న బిస్కెట్ పొట్లం ఉన్నాయి. “బిడ్డా, సదరం కాగితం, పింఛను సంగతి ఇక్కడ చెబుతారట కదా?” అని అడిగింది. సదరం అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు రాసిచ్చే ధ్రువపత్రం. ఎంత చక్కటి ప్రశ్న! పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విడదీసే డ్యూయీ పద్ధతిలో షుగరు వ్యాధి 616లో, పాదం తీసిన శస్త్రచికిత్స 617లో, వికలాంగుల సేవలు 362లో ఉంటాయి. అంటే ఆ పెద్దాయన కాలు మా దగ్గర మూడు బీరువాల్లో ఉందన్నమాట. ఒక బీరువా తాళంచెవి సెలవులో ఉన్న అటెండరు జేబులో ఉంది. తక్కిన రెండింట్లోనివి ఇంగ్లీషు పుస్తకాలు. ఇదంతా ఓపికగా వివరించాను. ఆమె నాకన్నా ఓపికగా విని, “నాకు చదువు రాదు బిడ్డా” అంది. సభ్యత్వానికి అది అడ్డంకి కాదని, రెండు ఫోటోలు, ఒక గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలని ధైర్యం చెప్పాను.

ఆమె గేటు దాటి ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణానికి వెళ్లింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ దుకాణదారు డిశ్చార్జి కాగితం ఒక్కసారి చూసి, “మీసేవలో స్లాట్ తీసుకోవాలి అవ్వా. ఆ రోజు తాతను ఆటోలో తీసుకురండి. డాక్టర్లు వైకల్యం 40 శాతమైనా ఉందని రాస్తేనే పింఛను” అన్నాడు. గోడకు కట్టిన తాడు మీద దరఖాస్తులు రంగుల క్లిప్పులతో వేలాడుతున్నాయి: పింఛనుకు పచ్చ, ఆరోగ్యశ్రీకి ఎరుపు. నాకు కొంచెం అసూయ కలిగిన మాట వాస్తవం. “పాఠకుని కాలం ఆదా చేయాలి” అన్నది మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో నాలుగోది. ఏటా ఆగస్టు 12న ఆయన పటానికి దండ వేసేది నేను, సూత్రం పాటించేది అతను. గ్రంథాలయం పెరిగే జీవి అన్న ఐదో సూత్రం మాత్రం మా దగ్గరా అమలవుతోంది, చెదల రూపంలో.

ఆ చెదలు కూడా ముట్టని పుస్తకం ఒకటి ఉంది, నారికురుపు నివారణ మీద. మన దేశంలో ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే ధ్రువీకరించింది. జబ్బు దేశం వదిలి వెళ్లగలిగింది గానీ పుస్తకం మా అర వదిలి వెళ్లలేకపోతోంది. రద్దు చేయాలంటే పై అనుమతి రావాలి. ఐదుసార్లు రాశాను. ఆరోసారి జవాబు వచ్చింది: పుస్తకం ప్రస్తుతం ఎవరైనా చదువుతున్నారేమో విచారించి తెలపాలట.

ఇవన్నీ ఆలోచించి నేనొక ప్రతిపాదన తయారుచేశాను. గ్రంథాలయం బోర్డు తీసి జిరాక్స్ దుకాణానికి తగిలించాలి. మేము ‘వైద్య సంక్షేమ విశ్రాంతి మందిరం’గా కొనసాగుతాం. ఎవరి పని వారికే ఉంటుంది, మారేది బోర్డు ఒక్కటే. దుకాణదారును సంప్రదిస్తే బోర్డు వద్దన్నాడు, వర్షానికి తుప్పు పడుతుందట. కాసేపు ఆలోచించి, “సార్, ఆ ఫ్యాను ఇస్తారా? అవ్వలు ఎండలో నిలబడుతున్నారు” అని అడిగాడు.

ఫ్యాను పుస్తకాల రిజిస్టరులోకి రాదు, దానికి వేరే రిజిస్టరు ఉంది. ఆ రిజిస్టరు ఏ బీరువాలో ఉందో అటెండరుకు తెలుసు.