ముద్ర ఉన్న పాత భాగమా, డ్రాయింగు చూసి చేసిన కొత్త భాగమా?

రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధవిమానాన్ని మళ్లీ ఎగిరేలా పునరుద్ధరించేటప్పుడు దాని భాగాలను వెతికి తేవాలా, కొత్తగా చేయించాలా అన్నది ఇక్కడి వివాదాంశం. ఒక పక్షాన పాత విడిభాగాల సేకర్త, మరో పక్షాన విమానం ఎగిరే యోగ్యతను పరీక్షించే ఇంజనీరు. నిజానికి వీరి తగువు పాత, కొత్తల మీద కన్నా, లోహం మీది నంబరును ఎంతవరకు నమ్మాలన్న దాని మీదే ఎక్కువ.

సేకర్త: ఇంజనీరు గారూ, పాత భాగాన్ని గుర్తుపట్టడం గుడ్డిగా చేసే పని కాదు. అమెరికన్ యుద్ధవిమానం మస్టాంగ్‌ను తయారుచేసిన నార్త్ అమెరికన్ సంస్థ, దాని భాగాల నంబర్లకు ముందు ఆ భాగం ఏ మోడల్ కోసం గీశారో ఆ డిజైను సంఖ్యనే వేసేది కనుక, 73తో మొదలైతే తొలి మస్టాంగ్‌ కోసం గీసినదనీ, 109తో మొదలైతే దాని తర్వాతి రకమైన పి-51డి కోసం గీసినదనీ చూడగానే చెప్పవచ్చు. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ భాగం మీద సి.బి.ఏ.ఎఫ్. అన్న తనిఖీ ముద్ర కనిపిస్తే అది ఇంగ్లండులోని క్యాజిల్ బ్రోమిచ్ కర్మాగారంలో తయారైనదే. ఇంతటి సాక్ష్యాన్ని పక్కనపెట్టి కొత్తది చేయించడం ఎందుకు?

ఇంజనీరు: మీరు చదివినది డ్రాయింగు నంబరండీ. డిజైను మారని భాగానికి నంబరూ మార్చేవారు కాదు కనుక, 73తో మొదలయ్యే భాగాలు చివరి దశలో తయారైన పి-51డిలోనూ ఉంటాయి. అంటే భాగం ఎప్పుడు గీశారో తెలిసింది గాని, ఎప్పుడు చేశారో, ఏ విమానం నుంచి ఊడదీశారో తెలియలేదు. పోత భాగాలతో ఇంకో చిక్కు: వాటి మీద ఉబ్బెత్తుగా కనిపించేది చాలాసార్లు పోతకు ఇచ్చిన నంబరే. ఒకే పోతను ఒకలా చెక్కితే ఎడమవైపు భాగం, మరోలా చెక్కితే కుడివైపు భాగం అయ్యే సందర్భాలున్నాయి.

సేకర్త: అందుకే కేటలాగుతో పోల్చి, కొలతలు తీసుకున్నాకే కొంటాం.

ఇంజనీరు: కొలతలూ మోసం చేస్తాయి. పావు అంగుళం మందం గల ఏఎన్4 అనే అమెరికన్ విమాన బోల్టుకు అంగుళానికి 28 మరలు, కోణం 60 డిగ్రీలు. అదే మందం గల, బి.ఎస్.ఎఫ్. అనే బ్రిటిష్ సన్న మర బోల్టుకు 26 మరలు, కోణం 55 డిగ్రీలు. ఒకదాని నట్టును రెండోదానికి ఎక్కిస్తే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే మర చెడుతుంది. మస్టాంగ్ అమెరికన్ విమానమే అయినా, దానిలోని మెర్లిన్ ఇంజను బ్రిటిష్ డిజైను; అమెరికాలో ప్యాకర్డ్ సంస్థ చేసినా బ్రిటిష్ మరలతోనే తయారైంది. ఇవన్నీ కంటికి కనిపించేవి. కనిపించనిది ఫెటీగ్, అంటే పదేపదే భారం పడి లోహం లోలోపల బలహీనపడడం. ఉక్కు భాగాన్ని అయస్కాంత పరీక్షకు పెడితే ఇప్పటికే ఉన్న పగులు బయటపడుతుందే తప్ప, ఆ లోహం తన ఆయుష్షులో ఎంత ఖర్చు చేసుకుందో తెలియదు. డ్రాయింగులో 24ఎస్ అని ఉన్న అల్యూమినియం మిశ్రలోహం ఈనాడు 2024 పేరుతో ధ్రువపత్రంతో సహా దొరుకుతున్నప్పుడు, చరిత్ర తెలియని ముక్కను రెక్కలో ఎందుకు బిగించాలి?

సేకర్త: డ్రాయింగులు అన్నీ మిగిలాయా? మిగిలినవాటిలో కూడా, యుద్ధకాలపు హడావిడిలో కర్మాగారంలో చేసిన మార్పులన్నీ ఎక్కాయా? బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్న బ్రిటిష్ యుద్ధవిమానం హరికేన్ ఆర్4118 సంగతే తీసుకోండి. అది 2001లో ఇంగ్లండు చేరి, 2004 డిసెంబరులో మళ్లీ ఎగిరింది. తుప్పు పట్టినా విమానం ఒకేచోట ఉండబట్టే, ఏ అమరిక ఎలా ఉండేదో చూసి తెలుసుకునే వీలు కలిగింది. డ్రాయింగు చెప్పని సంగతి పాత భాగమే చెబుతుంది.

ఇంజనీరు: ఆ మాట ఒప్పుకుంటాను. పాత భాగాన్ని నమూనాగా తెండి, కాదనను. భారం మోసే చోట మాత్రం బిగించమనకండి. తలుపు గడియ, సీటు చట్రం వంటివి పరీక్షించి వాడుకుందాం. కాక్‌పిట్ మీటర్లు పాతవే కావాలంటే ముందు రేడియేషన్ కొలవాలి. చీకట్లో కనిపించేందుకు వాటికి పూసిన రేడియం రంగు మెరవడం మానేసినా దాని రేడియేషన్ ఆగదు.

సేకర్త: సరే, అయితే నాదొక షరతు. కొత్త భాగం మీద పాత తనిఖీ ముద్రను అచ్చు గుద్దకూడదు. ఇప్పుడే అలాంటివి అసలువిగా చేతులు మారుతున్నాయి.

ఇంజనీరు: డ్రాయింగు నంబరు వేయక తప్పదు. దాని పక్కన చేసినవారి గుర్తు, తయారైన సంవత్సరం వేయిస్తాను.

సేకర్త: పక్కన అంటే బిగించాక మూసుకుపోయే వైపు కాదు కదా?

ఇంజనీరు: కాదు. విమానం విప్పకుండానే చదవగలిగే వైపే.