నేరం చూపేటప్పుడు కెమెరా ఎవరి పక్కన నిలబడాలి?

పదమూడేళ్ల కుర్రాణ్ణి హత్య కేసులో పట్టుకెళ్లడానికి పోలీసులు తెల్లవారుజామున తలుపు బద్దలుకొట్టుకుని ఇంట్లోకి వస్తారు. స్టేషన్‌లో పేరూ వయసూ రాసుకుంటారు. లాయర్ని పిలుస్తారు. నర్సు వచ్చి రక్తం తీసుకుంటుంది. మైనరు కాబట్టి పెద్దవాళ్లెవరో ఒకరు పక్కనుండాలి. నాన్న ఉండాలంటాడు పిల్లాడు. ఆ తర్వాత బట్టలిప్పించి తనిఖీ చేస్తారు. అప్పుడు కెమెరా పిల్లాడివైపు తిరగదు. పక్కన నిలబడ్డ తండ్రి ముఖం మీదే ఉండిపోతుంది. పోలీసుల ఆదేశాలు మాత్రం మన చెవిన పడుతుంటాయి.

2025 మార్చిలో వచ్చిన బ్రిటిష్ సిరీస్ ‘అడాలసెన్స్’ మొదటి ఎపిసోడ్‌లోది ఈ దృశ్యం. నేరాలు, మరణాలు, అత్యాచారాల మీద తీసే సిరీస్‌లూ డాక్యుమెంటరీల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ‘ఎంతవరకు చూపించొచ్చు’ అన్నదగ్గరే చర్చ ఆగిపోతోంది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. కెమెరా ఎవరి పక్కన నిలబడింది, ఎంతసేపు నిలబడింది? చుక్క నెత్తురు కనపడని సిరీస్ కూడా పోయిన మనిషిని అవమానించగలదు. ఎంతో భయంకరమైన విషయాన్ని గౌరవంగా చెప్పడమూ సాధ్యమే.

‘అడాలసెన్స్’లో ఉన్నవి నాలుగే ఎపిసోడ్లు. ఒక్కోటీ ఒకే షాట్. ఎక్కడైనా తప్పు దొర్లితే ఆ ముక్క ఒక్కటీ మళ్లీ తీసి అతికించే వీలు లేదు. గంట నిడివినీ మొదట్నుంచీ తీయాల్సిందే. ఇది విన్యాసం కోసం చేసిన పని అనిపించొచ్చు గానీ, దాని ప్రయోజనం వేరే ఉంది. మామూలుగా కష్టమైన దృశ్యం వచ్చినప్పుడు మనకు ఊపిరి తీసుకునే వెసులుబాటు ఇచ్చేది షాట్ల మధ్య వచ్చే ‘కట్’ మాత్రమే. షాట్ మారగానే మనసు తేలికపడుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఆ కుటుంబానికి స్టేషన్‌లో కాలం ఎంత నెమ్మదిగా గడిచిందో మనకీ అంతే నెమ్మదిగా గడుస్తుంది. హత్యను మాత్రం దూరపు సీసీటీవీ దృశ్యంగా, లాప్‌టాప్ తెర మీద చూపించి వదిలేశారు. ఆ వీడియో చూసిన తండ్రి కొడుకు ముఖంలోకి చూడలేకపోవడమే ఆ ఎపిసోడ్‌కు పతాక ఘట్టం.

ఇంత బాగా తీసిన సిరీస్‌లోనూ ఒక లోటుంది. చనిపోయిన అమ్మాయి గురించి మనకు దాదాపు ఏమీ తెలియదు. రెండో ఎపిసోడ్‌లో దర్యాప్తు చేస్తున్న మహిళా అధికారే ఆ మాట అంటుంది, అందరూ ఆ కుర్రాడినే గుర్తుపెట్టుకుంటారని. లోటును పాత్ర చేత ఒప్పించడం నిజాయతీయే. దాంతో లోటు పూడిపోదు.

2019 నాటి ‘ఢిల్లీ క్రైమ్’ మొదటి సీజన్‌కూ ఇలాంటి బలమే, ఇలాంటి పరిమితే ఉన్నాయి. 2012 డిసెంబరు సామూహిక అత్యాచారం కేసు మీద తీసిన ఏడు ఎపిసోడ్లలో దర్శకుడు రిచీ మెహతా బస్సులో జరిగిన దాడిని చూపించలేదు. ఆ ఘోరం మనకు డాక్టర్ల మాటల్లో, పోలీసుల ముఖాల్లో తెలుస్తుంది. 2020లో దానికి ఉత్తమ డ్రామాగా ఇంటర్నేషనల్ ఎమ్మీ దక్కింది. అయితే కథంతా పోలీసుల కళ్లతో నడిచింది కాబట్టి, వీధుల్లోకి వచ్చిన జనాగ్రహం దర్యాప్తుకు అడ్డంకిలా కనపడుతుంది. పక్కన నిలబడటం అంటే అదే. ఎవరి పక్కన నిలబడితే వాళ్లకు కనిపించేదే మనకూ కనిపిస్తుంది.

చూపించి తప్పు చేసినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది ‘13 రీజన్స్ వై’ గురించి. 2017లో వచ్చిన మొదటి సీజన్ చివర కథానాయిక ఆత్మహత్యను దాదాపు మూడు నిమిషాలపాటు చూపించారు. ఆ భయంకరత్వం చూస్తే ఎవరూ అటువైపు వెళ్లరన్నది తీసినవాళ్ల వాదన. ధైర్యంగా ఉన్న ప్రేక్షకుడికి అది భయంగానే తోచొచ్చు. అప్పటికే ఆ ఆలోచనల్లో ఉన్నవాడికి మాత్రం అదే దృశ్యం పద్ధతి నేర్పే పాఠం అవుతుంది. పద్ధతి చూపొద్దని ఆత్మహత్యల నివారణ నిపుణులు పదేపదే చెప్పేది ఇందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, రంగస్థలం వాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది: ఘటనను, పద్ధతిని చూపొద్దు, ఒకే కారణానికి ముడిపెట్టొద్దు, సాయం ఎలా దొరుకుతుందో, దాంతో మనిషి ఎలా నిలదొక్కుకోగలడో చూపండి అని. అదే ఏడాది జులైలో నెట్‌ఫ్లిక్స్ ఆ దృశ్యాన్ని తీసేసింది.

తీసేసినా అసలు దోషం కథలోనే మిగిలింది. చనిపోయిన అమ్మాయి ఏడు క్యాసెట్ల నిండా తన గొంతు వదిలి వెళ్తుంది. బతికుండగా వినని వాళ్లంతా ఇప్పుడు కూర్చుని వింటారు, కుమిలిపోతారు. అంటే చావు ఇక్కడ పనిచేసిన ఉపాయంగా నిలబడింది. మూడు నిమిషాలు కత్తిరిస్తే పోయేది కాదిది. కథ రాసుకునే బల్ల దగ్గరే ఆపాల్సింది.

వరుస హంతకుల మీద వచ్చే సిరీస్‌లది ఇంకో తీరు. అమెరికా వరుస హంతకుడు డామర్ మీద 2022లో వచ్చిన సిరీస్ పది ఎపిసోడ్లు. 1992లో కోర్టులో ఒక మృతుడి సోదరి కట్టలు తెంచుకున్న దుఃఖంతో అన్న మాటల్ని, ఆమె వేసుకున్న బట్టలతో సహా, నటితో మళ్లీ చేయించారు. తనను ఎవరూ సంప్రదించలేదని ఆమె తర్వాత చెప్పారు. కోర్టులో జరిగింది బహిరంగ రికార్డు కాబట్టి అనుమతి అడగాల్సిన పని చట్టప్రకారం ఉండదు. అందుకే ఈ విషయంలో చట్టం మాట ఎత్తితే లాభం లేదు. ఒక ఫోన్ చేయడానికి ఎంత సమయం పడుతుంది? అదే సిరీస్‌లో ఆరో ఎపిసోడ్ వినికిడి లేని ఒక యువకుడి జీవితాన్ని అతని వైపు నుంచే చెబుతుంది. స్నేహితులు, ఉద్యోగం, తల్లి, మోడలింగ్ కల. శబ్దం కూడా చాలాచోట్ల ఆగిపోతుంది. హతుల కథ చెప్పడం వాళ్లకు చేతకాక కాదని ఆ ఒక్క ఎపిసోడ్ రుజువు చేస్తోంది. మిగతా ఎపిసోడ్ల మీద నాకు కోపం రెట్టింపైందీ అందుకే.

దీని పక్కన ‘ట్రయల్ బై ఫైర్’ పెట్టి చూడండి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. కింద పార్కింగ్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మంటలు లేచాయి. పొగ పైకెక్కి బాల్కనీ నింపేసింది. అదనంగా వేసిన సీట్లు బయటికెళ్లే దారికి అడ్డుపడ్డాయి. 2023లో వచ్చిన ఈ ఏడు ఎపిసోడ్ల సిరీస్ ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు రాసిన పుస్తకం ఆధారంగా తీసింది. అగ్నిప్రమాదం కొన్ని గంటల్లో ముగిసింది, కేసు మాత్రం రెండు దశాబ్దాలు దాటింది. సిరీస్ ఎక్కువ సమయం ఇచ్చింది ఆ రెండో కాలానికే. వాయిదాలు, ఫైళ్లు, మళ్లీ వాయిదాలు. విసుగు పుట్టించే భాగం అనుకునేది నిజానికి ఈ కథలో అత్యంత క్రూరమైన భాగం.

డాక్యుమెంటరీల దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం ఎడిటింగ్ గదిలో ఉంటుంది. 2015లో హెచ్‌బీఓ ప్రసారం చేసిన ‘ద జింక్స్’ చివరి ఎపిసోడ్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. హత్యానుమానాలున్న కోటీశ్వరుడు రాబర్ట్ డర్స్ట్ ఇంటర్వ్యూ ముగించుకుని బాత్రూమ్‌కు వెళ్తాడు. ఒంటిమీద మైకు ఆన్‌లోనే ఉంటుంది. తనలో తను గొణుక్కుంటూ అందర్నీ చంపేశానన్న అర్థం వచ్చే మాట అంటాడు. ఆ సమయంలో తెరమీద ఖాళీ గది. ప్రసారానికి ముందురోజే అతణ్ణి అరెస్టు చేశారు. 2019లో రికార్డింగ్ పూర్తి పాఠం కోర్టు పత్రాల్లోకి వచ్చాక తెలిసిందేమంటే, మనం విన్న వాక్యాలు అతను పలికిన వరుసలో లేవు. 2021లో స్నేహితురాలి హత్య కేసులో అతను దోషిగా తేలాడు. దోషే కదా, వరుస మారిస్తే ఏం అనుకుంటే, రేపు ఇదే పద్ధతి నిర్దోషి మీదా పనిచేస్తుంది.

ఇలాంటి అతుకుల్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. మాట్లాడే మనిషి ముఖం నుంచి దృశ్యం చేతులకో, పాత ఫొటోకో, కిటికీకో మళ్లి గొంతు మాత్రం కొనసాగిందంటే అక్కడ అతుకు ఉండొచ్చు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఊపిరి సగంలో తెగడం, గదిలోని సన్నటి హోరు ఠక్కున మారడం తెలుస్తుంది. ఇంటర్వ్యూ కింద ఎడతెగని సంగీతం పరిచారంటే ఆ మార్పులు వినపడవు. అతుకులన్నీ మోసాలు కావు, చాలావరకు దగ్గులూ నసుగుళ్లూ తీసేయడానికి వేసినవే. కేసు మొత్తాన్ని మలుపు తిప్పే వాక్యం దగ్గర ముఖం కనపడకపోతే మాత్రం నమ్మకాన్ని కాసేపు ఆపుకోవడం మంచిది.

నటులతో మళ్లీ తీసే ఘటనలదీ ఇదే తంతు. మసక నీడ, స్లో మోషన్, కత్తి పట్టిన చెయ్యి. ఎవరి మాట ప్రకారం ఇది తీశారో చెప్పరు. ఎరల్ మోరిస్ 1988లో ‘ద థిన్ బ్లూ లైన్’లో ఒక పోలీసు హత్యను పదేపదే నటులతో తీశాడు, కానీ ఒక్కో సాక్షి చెప్పినదాని ప్రకారం ఒక్కో రకంగా. గాల్లోకి ఎగిరిన మిల్క్‌షేక్ కప్పు మళ్లీ మళ్లీ వస్తుంది. సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగవని మన కళ్లముందే తేలిపోతుంది. ఆ కేసులో ఒకప్పుడు మరణశిక్ష పడ్డ మనిషి, పన్నెండేళ్ల జైలు తర్వాత, 1989లో విడుదలయ్యాడు. అవే దృశ్యాలు అనుమానం రేపడానికి వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

సాక్షిని ఎంతవరకు ఒత్తిడి చేయొచ్చన్న ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. క్లాడ్ లాంజ్‌మన్ 1985 నాటి ‘షోవా’ తొమ్మిదిన్నర గంటల డాక్యుమెంటరీ. యూదుల సంహారం మీద తీసినా పాత దృశ్యం ఒక్కటీ వాడలేదు. అందులో ట్రెబ్లింకా మరణ శిబిరంలో ఆడవాళ్ల జుట్టు కత్తిరించాల్సి వచ్చిన మంగలి ఒకాయన ఉంటాడు. దర్శకుడు సెలూన్ అద్దెకు తీసుకుని, ఆయన చేత కత్తెర పట్టించి మాట్లాడించాడు. ఒకచోట ఆయన ఆగిపోతాడు. చెప్పలేను అంటాడు. చెప్పాలి, తప్పదు అంటాడు దర్శకుడు. పెదవులు బిగపట్టుకుని ఆయన కత్తెర ఆడిస్తూ ఉండిపోయిన ఆ నిశ్శబ్దాన్ని కెమెరా ఆగకుండా పట్టింది. ఆ సాక్ష్యం లోకానికి అవసరం. ఆ మనిషి వద్దన్నాడన్నదీ నిజమే. రెండూ పక్కపక్కనే ఉంటాయి.

చీకటి అంటే శవాలే ఉండనక్కర్లేదు. 2024 జనవరిలో బ్రిటన్‌లో ఐటీవీ ప్రసారం చేసిన ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ద పోస్టాఫీస్’లో అత్యంత భయపెట్టే దృశ్యం ఒక కంప్యూటర్ తెర. చిన్న ఊళ్లో పోస్టాఫీసు నడిపే ఆవిడ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టే మీటలు నొక్కుతుంది. లెక్కలో తక్కువ పడ్డ మొత్తం ఆమె చూస్తుండగానే రెట్టింపవుతుంది. పోస్టాఫీసుల లెక్కలకు వాడిన హొరైజన్ సాఫ్ట్‌వేర్ లోపాలతో తొమ్మిది వందల మందికి పైగా నిర్వాహకులు చేయని నేరానికి దోషులయ్యారు. 2009 నుంచీ పత్రికలు రాశాయి, 2019లో కోర్టు తీర్పూ వచ్చింది. అయినా ఆ శిక్షల్ని మూకుమ్మడిగా రద్దుచేసే చట్టం వచ్చింది నాలుగు ఎపిసోడ్ల ఈ డ్రామా ప్రసారమయ్యాక, అదే ఏడాది మేలో. పత్రికల్లో అంకెలుగా ఉన్నవాళ్లు తెరమీద ఒక్కో మనిషై కూర్చున్నారు.

ఇక ‘చెర్నోబిల్’. 1986 నాటి సోవియట్ అణు ప్రమాదం మీద 2019లో వచ్చిన ఈ ఐదు ఎపిసోడ్లలో నాలుగోదాన్లో రియాక్టర్ పైకప్పు మీది గ్రాఫైట్ ముక్కల్ని సైనికులు పారలతో ఎత్తిపోస్తారు. రేడియేషన్ వల్ల ఒక్కొక్కరికి 90 సెకన్లే. కెమెరా ఒక సైనికుడి వెంట బయటికొచ్చి, మధ్యలో కట్ లేకుండా, దాదాపు ఆ 90 సెకన్లూ అతనితోనే ఉంటుంది. రేడియేషన్ మీటరు టకటక, మాస్కులో ఊపిరి, తిరిగొస్తుంటే చిరిగిన బూటు. ఆ సిరీస్ సంగీతానికి కావలసిన శబ్దాల్ని స్వరకర్త హిల్దుర్ గుద్నదొత్తిర్ లిథువేనియాలో మూతపడ్డ అణు విద్యుత్ కేంద్రంలో రికార్డు చేసింది. విషాద రాగం ఏదీ మన చెయ్యి పట్టుకుని ఏడవమని చెప్పదు.

ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లూ చరిత్రను మార్చారు. 1986 అక్టోబరులో కూలిన హెలికాప్టర్‌ను ప్రమాదం జరిగిన తొలిరోజుల్లోకి తెచ్చారు. కోర్టులో నిజాలన్నీ బయటపెట్టే శాస్త్రవేత్త లెగసోవ్ అసలు ఆ విచారణకు హాజరే కాలేదు. ఖోమ్యుక్ అనే శాస్త్రవేత్త ఎంతోమందిని కలిపి అల్లిన పాత్ర. ఐదు గంటల్లో చెప్పాలంటే కొన్ని మార్పులు తప్పవు, అది ఒప్పుకోవచ్చు. మెచ్చుకోవాల్సింది, రచయిత క్రెయిగ్ మేజిన్ ఒక్కో ఎపిసోడ్‌కూ పాడ్‌కాస్ట్ పెట్టి ఏది మార్చామో, ఎందుకు మార్చామో చెప్పడం. ఖోమ్యుక్ కల్పిత పాత్రేనని చివరి ఎపిసోడ్ ఆఖర్లో వచ్చే అక్షరాలూ చెబుతాయి.

ఏది నిజం, ఏది కల్పన, కేసు ఎక్కడిదాకా వచ్చింది, సాయం కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ వచ్చేది ఎపిసోడ్ చివరి ఒకటి రెండు నిమిషాల్లో. స్ట్రీమింగ్ యాప్‌లు తెరను మూలకు కుదించి, తర్వాతి ఎపిసోడ్‌కు అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టేదీ సరిగ్గా అక్కడే. అక్షరాలు చదవలేనంత చిన్నవైపోతాయి. వాస్తవ ఘటనల మీద తీసినవాటికైనా ఈ కుదింపు ఆపమని ప్లాట్‌ఫామ్‌లను ప్రేక్షకులు గట్టిగా అడగాలి. ఈలోగా నెట్‌ఫ్లిక్స్‌లో అయితే ప్రొఫైల్‌లోని ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే టిక్ తీసేయొచ్చు. క్రెడిట్స్ చూస్తాను అనే బటన్ నొక్కితే తెర మళ్లీ పూర్తిగా తెరుచుకుంటుంది.