ఇంటర్ కోసం ఊరు దాటాలా?

టెన్త్ ఫలితాలు రాగానే ఎంత శాతం పాసయ్యారు, ఏ జిల్లా ఫస్ట్ అని లెక్కలు వేస్తాం. ఆ పాసైన వాళ్లలో జూన్ కల్లా ఎంతమంది ఇంటర్‌లో చేరారో ఎవరూ అడగరు. డిగ్రీ కాలేజీల్లో సీట్లు మిగిలిపోతున్నాయని మాత్రం ఏటా బాధపడతాం. ఆ సీట్లలో కూర్చోవాల్సిన పిల్లల్లో చాలామంది టెన్త్‌కీ ఇంటర్‌కీ మధ్యే జారిపోతున్నారు.

ఈ సందు మనం పెట్టుకున్నదే. 1969లో ఏడాది ప్రీ-యూనివర్సిటీ కోర్సు (పీయూసీ) తీసేసి రెండేళ్ల ఇంటర్ తెచ్చాం. దాన్ని హైస్కూల్లో కలపకుండా వేరే బోర్డు, వేరే కాలేజీ పెట్టాం. పల్లె పిల్లలకైతే అది వేరే ఊరు కూడా. తమిళనాడు 1978లో ప్లస్ టూని బడిలోనే పెట్టింది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్య సర్వేలో స్థూల నమోదు నిష్పత్తి, అంటే 18-23 ఏళ్ల జనాభాతో పోలిస్తే పైచదువుల్లో ఉన్నవాళ్లు, తమిళనాడుకు 47 శాతం, తెలంగాణకు 40, ఆంధ్రప్రదేశ్‌కు 36.5. ఈ తేడాకి కారణాలు చాలా ఉండొచ్చు. నేనైతే ముందు ఈ సందునే చూస్తాను.

మా అమ్మమ్మగారి ఊళ్లో హైస్కూలు ఉంది, జూనియర్ కాలేజీకి పదకొండు కిలోమీటర్లు వెళ్లాలి. టెన్త్‌లో ఐదొందలు దాటిన ఒకమ్మాయి ఇప్పుడు మిరపకోతకి వెళ్తోంది. మార్కుల మెమో లామినేషన్ చేయించి ట్రంకుపెట్టెలో దాచుకుంది, తీసి చూపించింది. వాళ్లమ్మ అన్నమాట నన్ను వదలడం లేదు: "చదివించడానికి కాదయ్యా, పంపడానికే భయం."

డబ్బున్న ఇంటికి టెన్త్ పరీక్షలు కాకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో వచ్చి అడ్వాన్స్ కట్టించుకుని పోతాడు. లేని ఇంటికి ఎవరూ రారు. బడిలో పెట్టిన మధ్యాహ్న భోజనం కూడా టెన్త్‌తో ఆగిపోయేది. ఏపీ 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పెట్టడం మంచి పని.

సందు మూస్తే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టాం. టెన్త్ కాగానే సీటు, హాస్టల్, ఇంజినీరింగ్ దాకా ఆరేళ్లు ఒకేచోట. సీట్లు ఇచ్చేటప్పుడు ప్రభుత్వ బడి పిల్లలకు టెన్త్ జీపీఏలో 0.4 కలిపారు. కూలీల పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోకి వెళ్లారు. అయితే ఆ దారి మండలానికి కొద్దిమందికే దొరికింది.

బడిలో ఇంటర్ పెడితే పాఠం పలచబడుతుందంటారు. ఏపీలో 2022లో హైస్కూళ్లలోనే ఇంటర్ పెట్టిన 'హైస్కూల్ ప్లస్' ఫలితాలు చూపిస్తారు. నిజమే, నిరాశపరిచాయి. టెన్త్ దాకా చెప్పే స్కూల్ అసిస్టెంట్ టీచర్లనే పైకి సర్ది ఇంటర్ చెప్పమంటే ఇంకేం వస్తాయి? లెక్చరర్లని వేసి, ల్యాబ్ కట్టి, అప్పుడు మాట్లాడండి.

అసలు మన సంక్షేమమంతా పైమెట్టు దగ్గరే ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బీటెక్ గేటు దాకా వచ్చినవాడికి అందుతుంది. ఆడపిల్లలకి రెండు రాష్ట్రాల్లోనూ బస్సు ఫ్రీ. కానీ బస్సు రావాలి కదా! మా అమ్మమ్మగారి ఊరికి పొద్దున పల్లెవెలుగు తొమ్మిదింపావుకి వస్తుంది. కాలేజీలో మొదటి క్లాసు తొమ్మిదింటికి. ఆ ఒక్క సర్వీసుని గంట ముందుకి జరపమని ఊరివాళ్లు డిపోకి పెట్టిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు.