కాలేజీ పిల్లలకు కులం పట్టింపు పోయిందా?

"అమెరికా కాలేజీల్లో పిల్లలు నలుపు తెలుపు చూడటం మానేశారు. మన విజయవాడ, గుంటూరు కాలేజీల్లో పిల్లలు కులం చూడటం మానేశారు. చదువు పెరిగింది, చట్టం ఉంది. ఇక ఈ చర్చలు ఆపండి." ఈ మెసేజ్ కొన్నాళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. విజయవాడలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేవాడిగా నేను దీన్ని ఒప్పుకోలేను. మంచి మాటలా వినిపిస్తుంది కాబట్టే ఎవరూ ఎదురు చెప్పడం లేదు.

ముందు అమెరికా సంగతి. నల్లవారికీ తెల్లవారికీ మధ్య పెళ్లి సమ్మతమేనన్నవాళ్లు గాలప్ అనే అమెరికా సంస్థ సర్వేలో 1958లో 4 శాతం, 2021లో 94 శాతం. అది చిన్న మార్పేమీ కాదు. అయితే ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్కల్లో, 2015లో కొత్తగా పెళ్లయినవాళ్లలో జాతి దాటి చేసుకున్నది 17 శాతమే. ఆ తేడా అంతా ద్వేషమే అనను, ఎవరి పేటల్లో వాళ్లు విడివిడిగా బతకడం కూడా అందులో ఉంది. కానీ ఎవరో చేసుకుంటే నాకు అభ్యంతరం లేదనడం వేరు, నేనే చేసుకుంటాననడం వేరు. గాలప్ అడిగింది మొదటిదే.

మన పిల్లలూ అంతే. కులాంతర ప్రేమకు ఎవరు ఒప్పుకుంటారని క్లాసులో అడిగితే దాదాపు అందరూ చేతులెత్తుతారు. హాస్టల్‌కు కొత్త కుర్రాడు వస్తే మాత్రం మొదటి వారంలోనే ఇంటిపేరు అడుగుతారు. దాంతో తేలకపోతే ఊరు, ఏ బజారు అని అడుగుతారు. అప్పటికీ తేలకపోతే నేరుగా "మీరేంట్లు?" అనేస్తారు. బైకు మీద కులం పేరు స్టిక్కరు, పుట్టినరోజు ఫ్లెక్సీలో కుల నాయకుడి బొమ్మ ఉంటాయి. ఫైనలియర్ అమ్మాయి ఒకామె నాతో అన్నది: "ఎలాగూ ప్రేమించేటప్పుడు మనవాళ్లయితే తర్వాత టెన్షన్ ఉండదు కదా సార్." ఆమె కులాన్ని సమర్థించడం లేదు, భయపడుతోంది. ప్రేమ పుట్టకముందే వడపోత అయిపోతోంది. బయటికి గొడవలు కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

చదువు పెరిగితే కులం దానంతటదే పోతుందనే మాటకు ఆధారం లేదు. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతం. ఆ లెక్కల్ని పరిశీలించిన ఆర్థికవేత్తలకు దంపతుల చదువుకూ కులాంతర వివాహానికీ సంబంధం కనిపించలేదు. పెళ్లికొడుకు తల్లి చదువుకుని ఉంటే మాత్రం అవకాశం పెరిగింది. పిల్లలు కాలేజీలో ఎంత చదివినా, వంటింట్లో అమ్మ ఏమంటుందన్నదే ఎక్కువగా పనిచేస్తోంది.

కులాంతర పెళ్లిళ్లను ఈ తరమే కొత్తగా మొదలుపెట్టిందనడం కూడా తప్పు. బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం మన కళ్లముందే ఉంది. దాన్ని స్థాపించిన గోరా, తన కూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. కొడుకు లవణం 1960లో దళిత కవి గుర్రం జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు. ఆ పెళ్లిళ్లకు పెద్దలే ముందు నిలబడ్డారు. ఇప్పుడు ఆ భారమంతా ఇరవయ్యేళ్ల పిల్లల మీద పెట్టి, వాళ్లే మార్చేస్తారని చేతులు దులుపుకుంటున్నాం.

చివరిది చట్టం. యుక్తవయసు వచ్చిన ఇద్దరు పెళ్లి చేసుకోవడానికి ఇంటివాళ్ల, కులపెద్దల అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ని, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. ఇద్దరూ హిందువులైతే హిందూ వివాహ చట్టం కింద ముందస్తు నోటీసు లేకుండా చేసుకోవచ్చు. మన జిల్లాల్లో చాలా దళిత కుటుంబాలు క్రైస్తవులు. అలాంటప్పుడు స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌కు వెళ్తే ముప్పై రోజుల నోటీసు ఆఫీసు గోడకెక్కుతుంది. సొంతూరు వేరే జిల్లా అయితే అక్కడి ఆఫీసులోనూ అంటిస్తారు. ఎవరికి తెలియకూడదో వాళ్లకే ముందు తెలుస్తుంది.

ఇలాంటి జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాలని కూడా ఆ సుప్రీంకోర్టు తీర్పు ఆదేశించింది. ఆ నంబరును మన కాలేజీల నోటీసు బోర్డుల మీద, ర్యాగింగ్ హెల్ప్‌లైన్ పక్కనే రాయించమని ప్రిన్సిపాళ్లను అడుగుతున్నాను.