హాన్‌ఫర్డ్ ఓటు గురించి తిరుగుతున్న సందేశంలో నిజమెంత?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్న తెలుగువారి మధ్య, నల్లమల యురేనియం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక సందేశం చేతులు మారుతోంది. 2004లో ఇక్కడి ప్రజలు 69 శాతం ఓట్లతో హాన్‌ఫర్డ్ అణ్వాయుధ కేంద్రంలో అణు వ్యర్థాలను నిషేధించారనీ, ఆ చట్టం నేటికీ అమలులో ఉందనీ, అప్పటి నుంచి బయటి వ్యర్థం ఒక్క లారీ కూడా రాలేదనీ, మన రాష్ట్రాల్లోనూ ఇలాగే ఓటింగ్ పెడితే చాలనీ దాని సారాంశం. పంపుతున్నవారి ఆవేదన నాది కూడా. అందుకే ఇందులోని ఒక్కో మాటనూ విడిగా పరిశీలించాలనిపించింది.

ఓట్ల లెక్క సరైనదే. 2004 నవంబరులో, ప్రజలే సంతకాలు సేకరించి ఓటుకు పెట్టిన ఇనిషియేటివ్ 297 అనే చట్ట ప్రతిపాదనకు దాదాపు 69 శాతం మంది మద్దతు తెలిపారు. కానీ అది వ్యర్థాలను నిషేధించిన చట్టం కాదు. ఉన్నదాన్ని శుభ్రం చేసేదాకా కొత్తది తేవద్దన్న చట్టం. ఉన్నది తక్కువేమీ కాదు. 1943లో మొదలై, నాగసాకి బాంబుకు ప్లుటోనియం అందించిన హాన్‌ఫర్డ్‌లో 177 భూగర్భ ట్యాంకులున్నాయి. వాటిలో సుమారు 5.6 కోట్ల గ్యాలన్ల వ్యర్థం మిగిలి ఉంది, కొన్ని ట్యాంకులు ఎప్పుడో కారిపోయాయి.

ఆ చట్టం నేటికీ అమలులో ఉందన్నది పూర్తిగా తప్పు. ఓటింగ్ జరిగిన నెల రోజులకే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం కోర్టుకెక్కి దాన్ని నిలుపుదల చేయించింది. 2006లో జిల్లా కోర్టు చెల్లదని తీర్పు ఇవ్వగా, 2008లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. కారణం తెలియాలంటే ఒక డ్రమ్ములోకి తొంగి చూడాలి. రసాయన ద్రావకంలో తడిసిన గుడ్డలు, వాటికే అంటుకున్న ప్లుటోనియం ఒకే డ్రమ్ములో ఉంటాయి; దీన్నే మిశ్రమ వ్యర్థం అంటారు. అందులోని రసాయనాన్ని నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉంది, రేడియోధార్మికతను నియంత్రించే అధికారం 1954 నాటి అణుశక్తి చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వానికే ఉంది. ఓటర్ల చట్టం ఈ గీత దాటిందని కోర్టులు భావించాయి. డ్రమ్ములో విడదీయలేనిదాన్ని చట్టంలో విడదీయడం నాకు అన్యాయంగానే తోస్తుంది, అయినా తీర్పు తీర్పే.

పైగా ఇది మొదటి ఓటమి కాదు. బయటి రాష్ట్రాల వ్యర్థాన్ని, వైద్య సంబంధమైనది మినహా, అడ్డుకోవాలని 1980లో ఇనిషియేటివ్ 383కు దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఓటు వేశారు. 1982లో అదే అప్పీళ్ల కోర్టు దాన్నీ చెల్లదన్నది. ఓటర్లు అడిగింది కొంతైనా దక్కింది మరో దారిలో, అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆమోదంతో రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందాల వల్ల. హాన్‌ఫర్డ్ భూమిలోనే ఉన్న వాణిజ్య అణు వ్యర్థాల స్థలానికి ఇప్పుడు 11 రాష్ట్రాల నుంచి మాత్రమే సరుకు వస్తుంది.

ఈ మాటతోనే సందేశంలోని మూడో వాదన కూడా వీగిపోతుంది. బయటి వ్యర్థం వస్తూనే ఉంది. కాలం చెల్లిన అణు జలాంతర్గాముల రియాక్టరు భాగాలను బ్రెమర్టన్ నౌకా కేంద్రంలో కోసి, మూసి, బార్జి మీద పసిఫిక్ తీరం వెంబడి దించి, కొలంబియా నదిలో ఎదురెక్కించి రిచ్‌లాండ్ రేవుకు చేరుస్తారు. అక్కడి నుంచి భారీ వాహనం మీద తీసుకెళ్లి ఒక పెద్ద కందకంలో వరుసగా నిలబెడతారు. ఇలా వందకు పైగా వచ్చాయి.

హాన్‌ఫర్డ్‌ను నడిపే ఫెడరల్ ఇంధన శాఖ తన ఇతర కేంద్రాల నుంచి తెద్దామనుకున్న వ్యర్థం చాలావరకు ఆగిన మాట నిజమే. దాన్ని ఆపింది రాష్ట్ర ప్రభుత్వం 2003లో, అంటే ఓటింగ్‌కు ఏడాది ముందే, వేసిన దావా. ఇంధన శాఖ చేయించిన పర్యావరణ అధ్యయనంలో తప్పులు బయటపడటంతో 2006 జనవరిలో రాజీ కుదిరింది. కొత్త అధ్యయనం పూర్తయ్యేదాకా, కొన్ని మినహాయింపులతో, బయటి వ్యర్థాన్ని తీసుకురాబోమని ఆ శాఖ ఒప్పుకుంది. అధ్యయనం ముగిశాక, 2013లో, వ్యర్థాన్ని గాజుగా మార్చే కర్మాగారం పనిచేసేదాకా, బయటి వ్యర్థాన్ని తేవాలా వద్దా అన్న నిర్ణయాన్ని వాయిదా వేసింది. వాయిదా నిషేధం కాదు. నిషేధమే ఉందని నమ్మినవారు ఆ వాయిదా ఎప్పుడు ముగుస్తుందో కనిపెట్టరు. ఈ సందేశం వల్ల నాకు కలిగే భయం అదే.

ఇక మన రాష్ట్రాల్లో ఓటింగ్ అన్న మాట. ప్రజలే సంతకాలు సేకరించి రాష్ట్రమంతటా ఓటుకు పెట్టి చట్టం చేసే విధానం మనకు లేదు. ఉన్నా, అణుశక్తి, దానికి కావలసిన ఖనిజాలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఆరో అంశం. 2019 సెప్టెంబరులో నల్లమల తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ చేసిన తీర్మానానికి రాజకీయంగా ఎంతో విలువ ఉంది, కానీ అది చట్టం కాదు. వాషింగ్టన్‌లో పనికొచ్చిన ఆయుధం పర్యావరణ అధ్యయనంలోని తప్పులను పట్టుకోవడం. మన దగ్గర అందుకు గ్రామస్థులకు దొరికే అవకాశం బహిరంగ విచారణ. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల తవ్వకాలకు ఆ ప్రజాభిప్రాయ సేకరణ నుంచే మినహాయింపు ఇచ్చింది. హాన్‌ఫర్డ్ ఓటు గురించి పంపుతున్నవారు ఈ ఉత్తర్వు గురించి కూడా పంపాలని నా విన్నపం.