ప్లాంటు ఆపే చేతికి భరోసా కావాలి

దాళ్వా (రబీ వరి) కోతలు కాగానే గోదావరి డెల్టాలో కాలువలు కట్టేస్తారు. లాకులు, తూములు రిపేరు చేస్తారు. పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, గట్లు బలపరుస్తారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. ఆ రోజుల్లో ఊళ్లు చెరువుల్లో నింపుకున్న తాగునీటితోనే సర్దుకుంటాయి. ఇబ్బంది లేదని ఎవరూ అనరు. అయినా కాలువ ఎందుకు కట్టేశావని, నీళ్లు చూసుకునే లస్కరును నిలదీసే రైతు ఉండడు. ఇప్పుడు ఆపకపోతే సార్వాలో (ఖరీఫ్‌లో) ఎక్కడ గండి పడుతుందో రైతుకు తెలుసు.

ఇంత తెలిసిన నేల మీద, అదే కాలువకు కూతవేటు దూరంలో నడిచే కెమికల్ ప్లాంటు విషయానికి వచ్చేసరికి ఈ ఇంగితం ఏమైపోతోంది? అనుమానం వచ్చి నాలుగు గంటలు ప్లాంటు ఆపిన షిఫ్ట్ ఇంజినీరు మర్నాడు పొద్దున్నే మీటింగులో సంజాయిషీ చెప్పుకోవాలి. ఎన్ని టన్నులు పోయాయన్నదే మొదటి ప్రశ్న. ఏం చూసి ఆపావని అడిగేది ఆ తర్వాతే, అదీ అడిగితే. ఈ పద్ధతి మారాలని మేము కోరుతున్నాం.

రసాయన పరిశ్రమ డెల్టాకు కొత్త కాదు. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్ర ప్రసాద్ తణుకులో పెట్టిన చక్కెర కర్మాగారం కాస్టిక్ సోడా, ఆస్పిరిన్ దాకా ఎదిగింది. ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం కూడా ఆ ఊళ్లోనే తయారైంది. కొవ్వూరు, సగ్గొండ, బలభద్రపురం కాస్టిక్ సోడాకు పేరుపడ్డాయి. రాజమండ్రికి కాగితం మిల్లు, కాకినాడకు ఎరువుల ఫ్యాక్టరీలు వచ్చాయి. పొలంలో చల్లే యూరియా, పంచాయతీ ట్యాంకులో కలిపే క్లోరిన్, వంటింటి సబ్బు, పిల్లల నోటుపుస్తకం, వీటన్నిటి వెనకా రాత్రంతా మేలుకుని ఉండే ఇంజినీర్లు ఉన్నారు. పక్కింటి వాళ్లకు మాత్రం వాళ్లు ‘ఫ్యాక్టరీలో చేస్తాడు’, అంతే. సాఫ్ట్‌వేర్ కుర్రాడి గురించి పెళ్లిచూపుల్లో చెప్పినంత గొప్పగా వీళ్ల గురించి ఎవరూ చెప్పరు.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్క రాత్రి చూస్తే చాలు. కాస్టిక్ సోడా ప్లాంటే తీసుకుందాం. ఉప్పునీటిలోకి కరెంటు పంపితే ఒక టన్ను కాస్టిక్‌తో పాటు దాదాపు 880 కిలోల క్లోరిన్ పుడుతుంది. అది వద్దు, ఇది చాలు అనడానికి లేదు. జూలై నెల, ముసురు పట్టిన రాత్రి, ఒంటిగంట దాటాక ఉన్నట్టుండి కరెంటు పోయిందనుకోండి. ఉప్పునీటికి కరెంటు పట్టే సెల్ హౌస్‌లో అప్పటికే పుట్టిన క్లోరిన్ గొట్టాల్లో ఉంటుంది. దాన్ని ముందుకు లాగాల్సిన కంప్రెసర్ ఆగిపోయింది. ఆ గ్యాస్ హైపో ప్లాంటుకు మళ్లాలి, అక్కడ కాస్టిక్ ద్రావణంలో కలిసిపోవాలి. అందుకు డీజిల్ జనరేటర్ వెంటనే అందుకోవాలి, పంపు తిరగాలి, వాల్వు తెరుచుకోవాలి. ఈ మూడింటిలో ఏది మొరాయించినా ఆ వాయువుకు దారి బయటికే. కంట్రోల్ రూములో ప్యానెల్ ముందున్న మనిషికి ఆ కొన్ని క్షణాలు ఎంత టెన్షనో మాటల్లో చెప్పలేం. జనరేటర్ శబ్దం వినపడ్డాకే ఊపిరి తీసుకున్నామని ఆ డ్యూటీలు చేసినవాళ్లు చెబుతారు.

లీకు వెతకడం మరో పని. క్లోరిన్ లైను మీద ఎక్కడో సన్నగా కారుతోందని వాసన చెబుతుంది కానీ ఏ జాయింటో చెప్పదు. అప్పుడు అమ్మోనియాలో తడిపిన గుడ్డను కర్రకు చుట్టి, ముఖానికి మాస్కు బిగించుకుని, గొట్టాలు కలిసే ఒక్కో ఫ్లాంజి దగ్గరికీ తీసుకెళ్తారు. లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. రెండు వాయువులూ కలిసి అమ్మోనియం క్లోరైడ్ అయితేనే ఆ పొగ. అగరొత్తి పొగంత సన్నటి ఆ పోగును చూసి, బోల్టు బిగిస్తే సరిపోతుందా, లైను ఆపాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. క్లోరిన్ గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. పైకి లేచిపోదు, నేల పట్టుకుని పల్లంలోకి జారుతుంది. డెల్టాలో పల్లం అంటే బోదె, చేను, చేను పక్క ఇల్లు. తెలిసిన ఇంజినీరు వాసన రాగానే ముందు తలెత్తి గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాడు.

ఆ గాలికి ఎదురయ్యేది చాలాసార్లు అతని ఊరే. ప్లాంటులో పనిచేసేవాళ్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తక్కువేమీ కాదు. కాస్త ఘాటు తగిలితే ఊళ్లోవాళ్లు ఫోను చేసేది అధికారికి కాదు, తెలిసిన కుర్రాడికే. ‘‘ఏవండీ ఇంజినీరు గారూ, కళ్లు మండుతున్నాయండీ, ఏం వదిలారండీ?’’ అని అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే పైవాళ్లకు కోపం, చెప్పకపోతే రేపు ఊళ్లో తలెత్తుకోలేడు. ఇంత బరువు ఒక్కడి మీద వేసి చేతులు దులుపుకోవడం అన్యాయం.

దీనికి తోడు డబుల్ డ్యూటీ. తర్వాతి షిఫ్టుకు రావాల్సిన రిలీవర్ రాకపోతే కుర్చీ వదిలి వెళ్లడానికి లేదు. ఎనిమిది గంటల షిఫ్టు పదహారు గంటలవుతుంది. తెల్లవారుజామున కళ్లు మూతలు పడుతుండగా రాసే లాగ్ బుక్‌లో ఒక్క వాక్యం తప్పిపోవచ్చు. ప్రమాదం పసిగట్టి తనంతట తానే ఆపే ఏదో ఇంటర్‌లాక్‌ను రిపేరు కోసం బైపాస్ చేశారనుకోండి. ఆ సంగతి తర్వాతి షిఫ్టుకు చెప్పకపోతే, కాపలా ఉందనుకున్న చోట కాపలా లేదన్నమాట. వచ్చినవాడు దాన్ని నమ్ముకునే ఎనిమిది గంటలు పనిచేస్తాడు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటులో ఏమైందో మరిచిపోయే వయసు ఇంకా ఎవరికీ రాలేదు. నిల్వ ఉన్న స్టైరీన్ అనే రసాయనం ట్యాంకులో తనంతట తానే వేడెక్కి, ఆవిరై ఊరిని కమ్మింది. ట్యాంకు అడుగున వేడి తెలిసేది, పైన ఎంతుందో తెలిసేది కాదు. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది. 2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెం రసాయన కర్మాగారంలో మంటలు లేచినప్పుడు పోయిన ప్రాణాల్లో పొట్ట చేతపట్టుకుని బీహార్ నుంచి వచ్చినవాళ్లవీ ఉన్నాయి. రెండూ రాత్రిపూట జరిగినవే. పెద్ద అధికారులు ఇళ్లలో ఉండే సమయంలో నిర్ణయం షిఫ్టులో ఉన్నవాడిదే కావాలి. ఆ నిర్ణయానికి తగ్గ అధికారం అతని చేతిలో ఉందా?

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రాణాపాయం ముంచుకొస్తోందని సహేతుకంగా అనిపిస్తే యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును 41హెచ్ సెక్షన్ కార్మికుడికి ఇచ్చింది. మంచిదే. కానీ ప్రమాదం నిజమేనని మేనేజరుకు నమ్మకం కుదిరితేనే ఆయన చర్య తీసుకోవాలంది. అంటే చట్టం ఇచ్చింది చెప్పే హక్కే, ఆపే హక్కు కాదు. నిద్రలో ఉన్న మేనేజరుకు ఫోనులో నమ్మకం కుదిరేదాకా రియాక్టర్ ఆగుతుందా?

యాజమాన్యాల వాదనలో నిజం లేదని మేము అనడం లేదు. ప్లాంటును ఆపడం, మళ్లీ ఎత్తుకోవడం ఈ రెండూ ప్రమాదకరమైన ఘట్టాలే. ఊరికే ఆపుతూ పోతే నష్టంతో పాటు ముప్పూ పెరుగుతుంది. అందుకే ఆ నిర్ణయం ఆ ప్లాంటు గురించి బాగా తెలిసిన మనిషికి ఉండాలంటున్నాం. ఆపాక కారణం రాయమనండి, నలుగురూ కూర్చుని చర్చించండి. పొరపాటు పడ్డాడని తేలినా అతని ఇంక్రిమెంటు మీద, ప్రమోషన్ మీద ఆ మచ్చ పడకూడదు. ఈ మాట నోటితో కాదు, ప్రతి ప్లాంటులోనూ సంతకంతో రాసి కంట్రోల్ రూము గోడకు అంటించాలి.

రిలీవర్లకు సరిపడా మనుషులను పెట్టాలి. పదహారు గంటల డ్యూటీ ఎన్నిసార్లు పడిందో ఫ్యాక్టరీల శాఖ తనిఖీకి వచ్చినప్పుడు లెక్క అడగాలి. బైపాస్‌లో ఉన్న ఇంటర్‌లాకుల జాబితా షిఫ్టు మారే ప్రతిసారీ చేతికి అందాలి. ఏడాదికోసారి చేయాల్సిన షట్‌డౌన్‌ను ఆర్డర్లు ఉన్నాయని వాయిదా వేయడం మానాలి.

ప్రమాదాల సమాచారం చుట్టుపక్కల జనానికి చెప్పాలని అదే సవరణలోని 41బి సెక్షన్ చెప్పింది. కాలువలు ఎప్పుడు కట్టేస్తారో, ఎప్పుడు వదులుతారో డెల్టాలో పదేళ్ల పిల్లాడిని అడిగినా చెబుతాడు. ఊరి పక్కనున్న ప్లాంటు షట్‌డౌన్ ఎప్పుడు, అందులో ఏయే రిపేర్లు చేస్తారు, సైరన్ మోగితే ఎటు పోవాలి అన్నవి సర్పంచికైనా తెలియాలి కదా. రాబోయే గ్రామసభకు ఆ ప్లాంటు ఇంజినీరును పిలవండి. వచ్చి మాట్లాడేందుకు యాజమాన్యం అతనికి అనుమతి ఇవ్వాలి.